ముందు బరువు చూడండి, ఫోర్ బై ఫోర్ సంగతి తర్వాత

చలికాలం దగ్గరపడేసరికి లంబసింగి, వంజంగి, అరకు వైపు సొంత వ్యాన్‌లో వెళ్లి రాత్రి అందులోనే పడుకోవాలి, దానికి బండి ఎలా తయారు చేసుకోవాలి అని అడిగేవాళ్లు బాగా పెరిగారు, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: సార్ నమస్తే, మాది గాజువాక. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప. సెకండ్ హ్యాండ్ మారుతి ఈకో వ్యాన్ కొని క్యాంపర్ చేద్దామనుకుంటున్నా. ఫ్రెండ్సేమో ఫోర్ బై ఫోర్ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ అందే బండి) లేకుండా ఏజెన్సీలోకి వెళ్తే ఇరుక్కుపోతావ్, ఫోర్స్ గూర్ఖా జీపు తీసుకో, లేదంటే టెంపో ట్రావెలర్ తీసుకో అంటున్నారు. నా బడ్జెట్ మాత్రం ఈకో దగ్గరే ఆగింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఈకోనే తీసుకోండి బాబూ, కాకపోతే ఎక్కడిదాకా దాంతో వెళ్లాలి, ఎక్కడ ఆపేయాలి అన్నది కొనకముందే తేల్చుకోండి. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లినా, నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి వెళ్లినా అవన్నీ తారు రోడ్లే, ఆర్టీసీ బస్సులు తిరిగే దారులే. కష్టమల్లా అక్కడినుంచి ఊళ్లోకో కాఫీ తోట పక్కకో దిగే మట్టి దారిలో. అక్కడ నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందడం కన్నా బండి తేలిగ్గా ఉండటం, టైర్లు బాగుండటం, కింద ఏదీ రాయికి తగలకుండా ఉండటం ముఖ్యం. ఈకోకి ఇంజన్ ముందు సీట్ల కింద, బలం వెళ్లేది వెనక చక్రాలకి, కాబట్టి వెనక కాస్త సామాను ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు గ్రిప్ బాగానే దొరుకుతుంది. అదే టాటా వింగర్ లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకి బలం అందే) వ్యాన్‌లో మంచం, నీళ్లు, బ్యాటరీ అన్నీ వెనక పెట్టేస్తే ఎత్తు మీద ముందు చక్రాలు తేలికైపోయి తడి ఎర్రమట్టిలో ఉన్నచోటే తిరుగుతాయి, అందుకే తారు రోడ్డు మీద ఎంత హాయిగా ఉన్నా మట్టి దారులకి నేను వద్దంటాను.

ట్రావెలర్ లోపల నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, ఆ సుఖం కాదనను. కానీ దాని వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 3050 నుంచి 4020 ఎంఎం దాకా రకరకాల సైజుల్లో వస్తుంది, పొడుగు మోడల్ తీసుకుంటే మిట్ట దాటేటప్పుడు ముందు చక్రాలు దిగిపోయి వెనకవి ఇంకా ఎక్కకముందే బండి కడుపు నేలకి ఆనుతుంది. తీసుకుంటే చిన్న వీల్‌బేసే తీసుకోవాలి. గూర్ఖా ఐదు డోర్లది 2825 ఎంఎం వీల్‌బేస్, 233 ఎంఎం గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు), నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేషియో గేరు, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందేలా ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్, నిజంగా కొండ దారులకి పుట్టిన బండే. కానీ ముగ్గురు లోపల కాళ్లు చాపుకుని పడుకోవాలంటే కుదరదు, టెంట్ వేసుకోవాల్సిందే, అప్పుడు మీరు అడిగిన వ్యాన్ సుఖం పోయినట్టేగా.

ఇప్పుడు అసలు సంగతి, బరువు. ఓనర్స్ మాన్యువల్‌లో గ్రాస్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు) ఉంటుంది, ఆర్సీలో అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) ఉంటుంది, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే మీకున్న లెక్క, అందులో మీ ముగ్గురి బరువు కూడా కలిపి. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. 18 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఆంప్ అవర్ (ఏహెచ్) ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైమాటే. ఇవన్నీ పెట్టి పైన క్యారియర్ మీద ఇంకో 60 కిలోలు కట్టేస్తే ఘాట్ మలుపుల్లో బండి పక్కకి వాలిపోతుంది, దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వస్తుంది. కాబట్టి కొనే ప్రతి వస్తువూ తూకం వేసి ఒక పుస్తకంలో రాసుకోండి, ఇది చాదస్తం కాదు, బండి తయారీలో దీన్ని మించిన పని ఇంకోటి లేదు.

టైర్లు తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం వేయించండి, బయటి వ్యాసం కంపెనీ సైజుకి 3 శాతం లోపే తేడా ఉండాలి, లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) మాత్రం కంపెనీ ఇచ్చిన దానికి తగ్గకూడదు. మట్టి దారిలో గాలి ఓ నాలుగో వంతు తగ్గిస్తే టైరు నేలని బాగా పట్టుకుంటుంది, మళ్లీ తారు ఎక్కగానే నింపేయాలి, అందుకు 12 వోల్ట్ కంప్రెసర్ కొనుక్కోండి. దాంతోపాటు ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, పొట్టి పార, ఇరుక్కున్న చక్రం కింద పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, మంచి తాడు. బండిని లాగే మోటారు విన్చ్ అక్కర్లేదు, ఇరుక్కుంటే దగ్గర ఊరి ట్రాక్టర్ వచ్చి లాగేస్తుంది, అయితే తాడు బంపర్‌కి కట్టనివ్వకండి, ఛాసిస్‌కి ఉన్న టోయింగ్ పాయింట్‌కే కట్టాలి, లాగేటప్పుడు పాపని తాడుకి చాలా దూరంగా నిలబెట్టండి.

ఇక గెడ్డలు, అంటే కొండ వాగులు. పైన కొండల్లో వాన పడితే మీరున్న చోట చుక్క పడకపోయినా గెడ్డ ఒక్కసారి పొంగుతుంది, కాబట్టి గెడ్డ ఒడ్డున పడుకోవద్దు, నీళ్లు పారుతుంటే దాటొద్దు. కటికి జలపాతం లాంటి చోటుకి స్థానిక జీపులే ఎలాగూ తీసుకెళ్తాయి, వ్యాన్‌ని కొండ దిగువన ఆపేసి జీపు మాట్లాడుకోండి, ఆ డ్రైవర్లకి ప్రతి రాయీ తెలుసు, వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. రాత్రి ఆగే ముందు ఆ ఊరి పెద్దనో సర్పంచ్‌నో అడిగి ఆగండి, అది గిరిజనుల భూమి, ఫారెస్ట్ అయితే ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా లోపలికి వెళ్లనే వద్దు.

ప్రశ్న: గోపాలపట్నం నుంచి రాస్తున్నాను సార్. నా బొలెరోకి వెనక కమాన్ పట్టీలు పెంచి ఎత్తు లేపి, పెద్ద టైర్లు, ముందు బుల్ బార్, పైన ఎల్ఈడీ బార్ లైట్, వెనక సీట్లు పీకేసి మంచం వేయిద్దామని ఉంది. పోలీసులు, ఆర్టీవోతో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. బుల్ బార్ల మీద 2017 డిసెంబర్‌లోనే కేంద్రం చర్యలు తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, పైగా అది గుద్దిన మనిషికి ప్రాణం మీదకి తెస్తుంది, ఆ ఆలోచన మానేయండి. సీట్లు పీకేస్తే సీటింగ్ కెపాసిటీ మారినట్టు, దానికి ఆర్టీవో అనుమతి కావాలి. పీకకుండా మడతపెట్టి దాని మీద విప్పదీసే మంచం పెట్టుకుంటే ఈ గొడవేమీ లేదు, సోమవారం పొద్దున మంచం తీసేసి పిల్లల్ని స్కూల్‌కి దింపొచ్చు. బండినే పూర్తిగా మోటార్ కారవాన్‌గా మార్చాలంటే ఏఐఎస్-124 అని వేరే స్టాండర్డ్ ఉంది, అది తెలిసిన బాడీ బిల్డర్ దగ్గరే చేయించాలి, ఆటోనగర్‌లో వెల్డింగ్ బాగా చేస్తాడని ఎవరికి పడితే వాళ్లకి అప్పజెప్పొద్దు. ఏం పెట్టించినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి కాగితం తీసుకోండి. పట్టీలు పెంచితే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది తప్ప డిఫరెన్షియల్ హౌసింగ్‌కి (వెనక ఇరుసు మధ్యలో కిందికి వేలాడే గుండు) నేల నుంచి ఉన్న ఎత్తు ఒక్క ఎంఎం కూడా పెరగదు, ఆ డబ్బు టైర్లకి పెట్టండి.

ప్రశ్న: సార్, ఎంవీపీ కాలనీ నుంచి ఒక గృహిణిని. మావారు కొన్న బీఎస్6 వ్యాన్‌లో చిన్న ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు కావాలి. ఇన్వర్టర్ షాపులో 150 ఆంప్ అవర్ ట్యూబులర్ పెట్టి కారు బ్యాటరీకి డైరెక్ట్‌గా కలిపేద్దాం అంటున్నారు. సోలార్ ఒక్కటి పెడితే సరిపోదా?

జవాబు: వద్దమ్మా, ముందు కరెంటు ఖర్చు లెక్క వేద్దాం. 45 వాట్ల 12 వోల్ట్ కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండల్లో సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకి 540 వాట్ అవర్లు (వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేది). 28 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే) ఫ్యాన్ రాత్రి 9 గంటలు అంటే 250. లైట్లు, ఫోన్లకి ఓ 100. మొత్తం 890. 100 ఆంప్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 వాట్ అవర్లుంటాయి, 80 శాతం వాడుకున్నా వెయ్యి పైనే వస్తుంది, అంటే ఒక రోజు నిశ్చింత, బరువు కూడా ఓ 12 కిలోలే. ట్యూబులర్‌ని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, యాసిడ్ పొగ పడుకునే చోట వస్తుంది, మట్టి రోడ్డు కుదుపులకి అసలు సరిపడదు.

సోలార్ 200 వాట్ల ప్యానెల్ బాగా ఎండ కాస్తే నష్టాలు పోను రోజుకి 650 వాట్ అవర్ల దాకా ఇస్తుంది, కానీ మీరు ఎండకి భయపడి చెట్టు నీడలో ఆపుతారు, నీడ పడిందంటే అందులో సగం కూడా రాదు. అందుకే బండి నడిచేటప్పుడు ఛార్జ్ అవ్వడం ముఖ్యం. బీఎస్6 బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) వోల్టేజీ బండిలోని కంప్యూటర్ చెప్పినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, డైరెక్ట్‌గా కలిపితే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు, పైగా ఖాళీ లిథియం ఒక్కసారిగా కరెంటు లాగేసి ఆల్టర్నేటర్‌ని వేడెక్కిస్తుంది. రెండు బ్యాటరీల మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే 20 ఆంపుల డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించండి, రెండు గంటల ప్రయాణంలో 500 వాట్ అవర్ల దాకా ఎక్కుతుంది.

వైరు దగ్గర మాత్రం బేరం ఆడొద్దమ్మా. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు రానూ పోనూ 8 మీటర్లు లాగితే 20 ఆంపులకి ఒక వోల్టు పైన దారిలోనే పోతుంది, అదంతా వేడే. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం 0.3 వోల్టు లోపే. ప్రతి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఎక్కడో చివర ఉంటే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు పనికిరాదు. ఇంకోటి, లిథియంని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు ఆ దరిదాపుల్లోకి వెళ్తాయి, కాబట్టి బ్యాటరీ బండి లోపలే ఉండాలి, దాన్ని కాపాడే సర్క్యూట్ (బీఎంఎస్) చలి ఎక్కువైతే ఛార్జింగ్ ఆపేసే లో టెంపరేచర్ కటాఫ్ ఉన్నది అయ్యుండాలి.

ప్రశ్న: లోపల చెక్క పనికి, వేడి తగ్గడానికి ఏం వాడాలి? – మధురవాడ పాఠకుడు

జవాబు: ఐఎస్ 710 మార్క్ ఉన్న మెరైన్ ప్లై, 12 ఎంఎం చాలు, మంచం ఫ్రేము అల్యూమినియం సెక్షన్‌తో చేయిస్తే బరువు తగ్గుతుంది. వేడికి ఏసీ డక్టులకి చుట్టే నైట్రైల్ రబ్బర్ ఫోమ్ షీటు రేకుకి ఖాళీ లేకుండా అతికించండి. గ్లాస్ ఊల్ మన ఉప్పు గాలికి తేమ పీల్చి రేకుని లోపల్నుంచే తుప్పు పట్టిస్తుంది. కిటికీలకి దోమల మెష్ తప్పనిసరి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

ప్రశ్న: అన్నా, అనకాపల్లి నుంచి మేం నలుగురం ఫ్రెండ్స్. రాత్రి ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవచ్చా? చలి ఎక్కువైతే లోపల చిన్న కుంపటి పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. ఆగి ఉన్న బండి సైలెన్సర్ పొగ కింద పేరుకుని చిన్న సందులోంచి లోపలికి వస్తుంది, కుంపటి అయితే నేరుగా లోపలే విడుదల చేస్తుంది, అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు, నిద్రలో ఉన్నవాడు లేవడు. కొంచెం అద్దం దించాం కదా అంటారు, ఆ ధైర్యం పనికిరాదు. ఎండాకాలం ఫ్యాన్, మెష్, ఎత్తు ప్రాంతం. చలికాలం మంచి స్లీపింగ్ బ్యాగు, ఊలు టోపీ, పడుకునే ముందు వేడి నీళ్ల సీసా. వైర్ల కోసం ఫ్లోర్‌కి బెజ్జాలు కొట్టించి ఉంటే రబ్బర్ గ్రామెట్ (బెజ్జానికి పెట్టే రింగు) పెట్టి సీలు చేయించండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని తలగడ ఎత్తులో పెట్టండి. వంట బయటే చేయండి, గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే ఫ్లోర్ మీదే మడుగులా నిలిచిపోతుంది, కాబట్టి 5 కిలోల సిలిండర్ ఉన్న పెట్టెకి అడుగున బయటికి కన్నం ఉండాలి.

ప్రశ్న: భీమిలి దాటాక బీచ్ ఇసుకలోకి వ్యాన్ దింపి రాత్రి ఉండొచ్చా? – పెందుర్తి పాఠకురాలు

జవాబు: ఇసుకలోకి దింపకండి మేడమ్. చలికాలం చివర్నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, చక్రాల కింద ఆ గూళ్లు నలిగిపోతాయి, రాత్రి లైట్లకి తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతాయి. ఎర్రమట్టి దిబ్బల మీదకి కూడా బండి ఎక్కించొద్దు, వాన నీటికే కోసుకుపోయే మట్టి అది, చక్రం గాడి పడితే అక్కడినుంచే జారుతుంది. రోడ్డు పక్కన ఎవరిదైనా కొబ్బరి తోటో రిసార్ట్ ఖాళీ స్థలమో ఉంటే అడిగి డబ్బులిచ్చి ఆపుకోండి, కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, కాయ పడితే సోలార్ ప్యానెల్ పోతుంది. ఇంటికి రాగానే అదే రోజు అండర్‌బాడీ మంచి నీళ్లతో కడిగించండి, వాటర్ వాష్ షాపులో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అక్కడ కడిగించి లాభం లేదు, ముందే కనుక్కోండి.