నేర్పుతామా? నేర్పిస్తామా?

సందేహం: మా ఊరి గ్రంథాలయంలో వేసవి సెలవుల్లో పిల్లల చేత కాగితంతోనూ మట్టితోనూ బొమ్మలు చేయించాలనుకుంటున్నాం. కాగితం పనికి మా బడి డ్రాయింగు మాస్టారు, మట్టి పనికి పక్క ఊరి కుమ్మరి పెద్దాయన ఒప్పుకున్నారు. కరపత్రం ఇలా రాశాను: “బాలబాలికలకు కాగితపు మరియు మట్టి కళాకృతుల కార్యశాల నిర్వహించబడును. నిపుణులచే బొమ్మల తయారీ నేర్పించబడును. కావలసిన సామాగ్రి ఇవ్వబడును. ఆసక్తి గలవారు పేర్లు నమోదు చేసుకోగలరు.” ‘నేర్పించబడును’ తప్పు, ‘నేర్పబడును’ అని ఉండాలని ఒక సహోద్యోగి అంటున్నారు. ‘కాగితపు’ అనకూడదు, ‘కాగితం’ అనాలని ఇంకొకరు. ‘మట్టి’ హిందీ నుంచి వచ్చింది, మన మాట ‘మన్ను’ అని మరొకరు. ఏది సరైనదో చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, ముగ్గురూ మూడు చోట్ల పట్టుకున్నారు. మొదటివారిది అన్నిటికన్నా పదునైన ప్రశ్న కనుక అక్కడే మొదలుపెడదాం.

తెలుగు క్రియల్లో చాలావాటికి జంటలుంటాయి. ఒకటి దానంతట అది జరిగేది, రెండోది మనం జరిపేది. మీరు తలపెట్టిన పనిలోనే ఇవి కావలసినన్ని దొరుకుతాయి. మట్టి తడుస్తుంది, పిల్లలు తడుపుతారు. కాగితం వంగుతుంది, వంచుతారు. చినుగుతుంది, చింపుతారు. కుండ కాలుతుంది, కుమ్మరి కాలుస్తాడు. నేర్చు, నేర్పు కూడా ఇలాంటి జంటే. పిల్లవాడు నేర్చుకుంటాడు, గురువు నేర్పుతాడు. ఆ పైన ‘ఇంచు’ చేరితే మూడో మెట్టు: తడిపించు, కాల్పించు, నేర్పించు. ఈ మెట్టు మీద చేసేవారు ఒకరు, చేయించేవారు వేరొకరు. ఈ లెక్కన మీ శిబిరంలో పెద్దాయన పిల్లలకు మట్టి పని నేర్పుతారు. మీరు ఆయన చేత నేర్పిస్తారు.

అలాగైతే “మా నాన్న నాకు ఈత నేర్పించాడు” అనేవారంతా తప్పు మాట్లాడుతున్నట్టేనా? కొందరు భాషాభిమానులు అలాగే తీర్పు చెబుతారు. నేను చెప్పను. ‘చు’తో ముగిసే ధాతువుకు ‘ఇంచు’ చేరినప్పుడు ‘చు’ స్థానంలో ‘పు’ రావడం మనకు తెలిసిన పద్ధతే: పిలుచు–పిలిపించు, నడుచు–నడిపించు, కాల్చు–కాల్పించు. ఆ దారినే నేర్చు–నేర్పించు, అంటే నేర్చుకునేలా చేయు. ఇలా వచ్చిన ‘నేర్పించు’కు అర్థం ‘నేర్పు’కు ఉన్నదే. ‘నేర్పు’ మీద ‘ఇంచు’ చేరినా రూపం మళ్లీ ‘నేర్పించు’ అవుతుంది. రూపం ఒకటి, పుట్టుకలు రెండు. ఈత నేర్పించిన నాన్న నీళ్లలో దిగాడా, ఒడ్డున నిలబడి మరొకరికి డబ్బిచ్చాడా అన్నది వాక్యాన్ని బట్టి తెలియాలి. మామూలు మాటల్లో అది ఇబ్బంది కాదు. మీ కరపత్రంలో మాత్రం నేర్పేవారూ ఉన్నారు, నేర్పించేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే కాగితం మీద కనిపించేచోట తేడా పాటించడం మేలు.

(ఈ ‘చు’ పద్ధతి మరిచిపోయి ‘పిల్లల చేత కాగితం వంచిస్తాం’ అని మాత్రం రాయకండి. ‘వంపిస్తాం’ అనాలి. ‘వంచిస్తాం’ అంటే మోసం చేస్తామని.)

మీ సహోద్యోగి సూచించిన ‘నేర్పబడును’ వల్ల ఒరిగేదేమీ లేదు. ‘ఇంచు’ తీసి ‘బడు’ ఉంచారు. తీయవలసింది ‘బడు’. అది తెలుగులో బొత్తిగా లేదని అనలేం, పాత కావ్యాల్లోనూ కనిపిస్తుంది. కనబడు, వినబడు వంటి మాటల్లోనైతే విడదీయలేనంతగా కలిసిపోయింది. కాని మీ నాలుగు వాక్యాల్లో మూడు ‘బడును’తో ముగిశాయి. శిబిరం ఎవరు పెడుతున్నారు, బంకమన్ను ఎవరు తెస్తున్నారు అని అడిగితే ఆ వాక్యాల్లో జవాబు లేదు. ఇది సర్కారు తాఖీదుల నుంచి మనకు అంటుకున్న అలవాటు. ‘నిపుణులచే’ అన్న మాట మీరు బాగానే ఎంచుకున్నారు, దానికి తగిన క్రియ ఇస్తే చాలు. ‘కుమ్మరి చేత నేర్పిస్తాం’ అన్నప్పుడు ‘చేత’కు సరైన చోటు దొరుకుతుంది.

ఇక మట్టి, మన్ను. ‘మన్ను’ ద్రావిడ పదమన్నది నిజమే. తమిళంలో ‘మణ్’, కన్నడంలో ‘మణ్ణు’ దాని తోబుట్టువులు. “అమ్మా, మన్ను దినంగ నే శిశువునో” అని పోతన కృష్ణుడు యశోదను అడిగిందీ ఈ మన్ను గురించే. ‘మట్టి’కి మూలం సంస్కృతంలోని ‘మృత్తిక’. అది ప్రాకృతంలో ‘మట్టిఆ’ అయి మన దగ్గరికి వచ్చింది. హిందీ ‘మిట్టీ’ కూడా ఆ మూలం నుంచి పుట్టిందే కనుక మన ‘మట్టి’కి అది అక్కో చెల్లెలో అవుతుంది, తల్లి కాదు. తద్భవాలన్నిటినీ పరాయివని పక్కన పెడితే తెలుగులో మాట్లాడుకోవడానికి మిగిలేది చాలా తక్కువ.

మీ మూడో మిత్రులు ఇంకొకటి గమనించినట్టు లేదు. ‘మన్ను’ సమాసంలో ముందుండాలంటే ‘మంటి’ అవుతుంది. కన్ను–కంటి, మిన్ను–మింటి వంటిదే ఇదీ. కనుక వారి సలహా పాటిస్తే ‘మంటిబొమ్మలు’ అని రాయాలి. వ్యాకరణానికి అది నిక్షేపంలా సరిపోతుంది. పిల్లలు మాత్రం మంటతో చేసే బొమ్మలేమో అనుకుంటారు. చవితికి మట్టి వినాయకుణ్ణి కొనేవారే తప్ప మంటి వినాయకుణ్ణి అడిగేవారు ఇప్పుడు లేరు. సమాసం చివర ఉన్నప్పుడు మాత్రం ‘మన్ను’ ఇంకా చెక్కుచెదరలేదు. బంకమన్ను, పుట్టమన్ను అని మనమంతా అంటూనే ఉన్నాం. రెండు మాటలనూ వాటివాటి చోట్ల ఉండనివ్వండి: బంకమన్ను తెచ్చి మట్టిబొమ్మ చేద్దాం.

‘రేగడి’ అని రాయబోయి ఆగారో లేదో గాని, కొన్ని కరపత్రాల్లో జిగటమట్టికి ఆ మాట వాడుతున్నారు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. ఒట్టి రేగడితో చేసిన బొమ్మ సాయంత్రానికి నెర్రెలు విడుస్తుంది. ఏ మట్టిలో ఏది కలపాలో, దాన్ని ఏమంటారో పెద్దాయననే అడగండి. కుండ తిరిగే సారె, కాల్చే ఆవం వంటి మాటలు పిల్లల చేత రాయించండి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటానికి వ్యవసాయ పదాలను పల్లెల్లో పనిచేసుకునేవారి నోటి నుంచే సేకరించారు. మీ పిల్లలు ఒక పూట ఆ పని చేస్తే నష్టమేమీ లేదు.

‘కాగితపు’, ‘కాగితం’ తగువు చిన్నది. కాగితం పారసీకం ‘కాగజ్’ నుంచి వచ్చిన మాటే అయినా, ‘ము’ చేరి మనదైపోయింది కనుక మన నియమాలే దానికీ వర్తిస్తాయి. కర్మధారయంలో, అంటే మొదటి మాట రెండోదాన్ని వర్ణించే సమాసంలో, ‘ము’ స్థానంలో పు, ంపు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. సరసపుమాట దానికి ఉదాహరణ. కాగితపు పడవ ఆ కోవలోది. నేటి వాడుకలో ‘కాగితం పడవ’ కూడా అంతే ఒప్పు. దేనితో చేశారో చెప్పేటప్పుడు నా చెవికి ‘పు’ ఇంపుగా ఉంటుంది. కాగితం అంచు, కాగితం ధర అన్నప్పుడు దాని అవసరం లేదు. ‘కాగితపు మరియు మట్టి’ అనడం మాత్రం కుదరదు. ‘కాగితపు’ తన వెంట ఒక నామవాచకాన్ని కోరుతుంది, ‘మరియు’ అడ్డొచ్చి దాన్ని తెంచేసింది. ‘కాగితంతోనూ మట్టితోనూ’ అని ప్రశ్నలో మీరే చక్కగా రాశారు. కరపత్రం అనగానే చేయి ఎందుకు బిగుసుకుందో!

‘కార్యశాల’ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. పాఠశాల, గోశాల, వంటశాల అన్నీ చోట్లు. రెండు రోజుల కార్యక్రమానికి ‘శాల’ అతకదు. కొందరు ‘కార్యగోష్ఠి’ అంటారు. గోష్ఠి అంటే మాటలే ఎక్కువ, మీ పిల్లలకు కావలసింది చేతులకు పని. వేసవి శిబిరం, వైద్య శిబిరం జనానికి అలవాటైన మాటలు కనుక ‘శిబిరం’ చాలు. ‘వర్క్‌షాప్’ అన్నా నాకు అభ్యంతరం లేదు. బస్సులు బాగుచేసే చోటని ఎవరైనా అనుకుంటే ఆ బాధ్యత మీది.

‘బొమ్మల తయారీ’ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కాగితాన్ని మడుస్తాం, కత్తిరిస్తాం, అతికిస్తాం. మట్టిని పిసుకుతాం, మలుస్తాం, ఆరబెడతాం. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, ఆ గుజ్జును గిన్నె మీద మెత్తి బుట్టలు చేయడం మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎరిగిన పనే. మాస్టారికి వీలుంటే అదీ పెట్టించండి. ఇన్ని క్రియలుండగా అన్నిటినీ ‘తయారీ’ అనే ఒక్క మూటలో కట్టేస్తే పిల్లలకు ఏం నోరూరుతుంది? ‘చేసుకోగలరు’ కూడా అంతే. పాత తెలుగులో ‘రాగలడు’ అంటే వస్తాడని. ఇప్పుడు చాలామందికి శక్తి ఉందన్న అర్థమే తడుతుంది. పేరు రాయించుకునే శక్తి అందరికీ ఉంది, రాయించుకోమని చెప్పండి.

నేనైతే ఇలా రాస్తాను: “పిల్లలూ, కాగితంతోనూ మట్టితోనూ బొమ్మలు చేద్దాం రండి. కాగితాన్ని మడిచి, కత్తిరించి, అతికించడం మా డ్రాయింగు మాస్టారు నేర్పుతారు. మట్టిని పిసికి బొమ్మగా మలచడం కుమ్మరి పెద్దాయన చేత నేర్పిస్తాం. కావలసిన సామగ్రి మేమే ఇస్తాం. ముందుగా గ్రంథాలయంలో మీ పేరు రాయించుకోండి.” ‘నిపుణులు’ అన్నచోట వారిద్దరి పేర్లూ వేయండి.

అన్నట్టు, మీ ప్రతిలో ‘సామాగ్రి’ అని ఉంది. సమగ్రం నుంచి వచ్చిన మాట అది. ‘మ’కు దీర్ఘం లేదు, ‘సామగ్రి’ అని దిద్దుకున్నాకే అచ్చుకు పంపండి.