లాగర్‌లో వెన్న వాసన: బ్రూవరీని ఏమడగాలి?

చిన్న బ్రూవరీలో తాగిన లాగర్ (చల్లగా ఉంచి పులియబెట్టే బీరు) వెన్న వేసిన పాప్‌కార్న్‌లా వాసన కొట్టిందని, అడిగితే 'మా స్టైలే అంత' అన్నారని రాశారు కదా. ఆ మాట నమ్మకండి. అది డైఅసిటైల్ అనే రసాయనం. పులిసేటప్పుడు ఈస్ట్ వదిలే పదార్థం నుంచి తయారవుతుంది. చివర్లో బీరును రెండు మూడు రోజులు కాస్త వెచ్చగా ఉంచితే ఈస్టే దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసే తొందరలో ఆ రోజులు ఎగ్గొడితే వెన్న మిగిలిపోతుంది. కొన్ని ఇంగ్లిష్ ఏల్స్‌లో (లాగర్ కన్నా వెచ్చగా పులియబెట్టే బీర్లు) లీలగా ఉన్నా ఫర్వాలేదు గానీ, లాగర్‌లో లోపమే.

అలాగని ట్యాంకుదే తప్పని తేల్చేయకండి. బీరును గ్లాసు దాకా తెచ్చే ట్యాప్ పైపులు సరిగా కడగకపోతే అందులో చేరే బ్యాక్టీరియా కూడా ఇదే వాసన తెస్తుంది, తరచూ కాస్త పులుపుతో కలిపి. అదే బీరు క్యాన్‌లో దొరికితే పక్కపక్కన పెట్టుకుని తాగి చూడండి. క్యాన్ బాగుంటే గొడవ పైపుల్లోనే ఉండొచ్చు. ఎన్నాళ్లకోసారి కడుగుతారని మొహమాటపడకుండా అడగండి. రెండు వారాలకోసారైనా కడగాలి.

నురుగు వెంటనే చచ్చిపోయిందన్నారు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని ఉన్నాయా? ఉంటే అది జిడ్డు గ్లాసు, బీరును తిట్టుకోకండి.

కొత్త బ్రూవరీలో నేను ముందు అడిగేది పిల్స్‌నర్, లాగర్‌లోనే లేత రంగు రకం. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) దట్టించిన ఐపీఏ అనే ఏల్‌లో చాలా తప్పులు దాక్కుంటాయి, పిల్స్‌నర్‌లో దాక్కోవడానికి చోటే ఉండదు.