ఇంజిన్ లైట్ వచ్చి పోతుంటే దాన్ని ఆర్పించకు తల్లీ

తల్లీ,

మొన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశా, మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ, కింద 61 వేల చిల్లర కిలోమీటర్లు. ఇవాళ పొద్దున మళ్ళీ "మామయ్యా లైట్ పోయింది, బాగైపోయినట్టుంది" అని మెసేజ్ పెట్టావు. బాగవలేదమ్మా, లైట్ ఆరింది అంతే. మీ కాలనీ మెకానిక్ "కోడ్ కొట్టేస్తా, రెండు నిమిషాలు" అన్నాడని కూడా రాశావు కదా, అంటే బండి కంప్యూటర్ తేడాకి గుర్తుగా రాసుకున్న నంబర్‌ని చెరిపెయ్యడం, ఆ పని మాత్రం ఒప్పుకోకు. ఆటోనగర్‌లో 34 ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేశాను, ఉండి ఉండి వచ్చే కంప్లైంట్‌కి ఉన్న ఆధారాన్ని చేతులారా చెరిపేసుకుని తర్వాత నెలలు నెలలు తిరిగినవాళ్ళని ఎంతమందిని చూశానో.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. లైట్ కదలకుండా వెలుగుతూ, బండి మామూలుగా లాగుతూ ఉంటే కంగారేం లేదు, ఆఫీసుకి వెళ్ళి రావచ్చు, వారంలోపు చూపించుకుంటే చాలు. అదే లైట్ టపటపా కొట్టుకుంటూ బండి కుదుపు ఇస్తుంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదు, అలా కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది పాడైతే చాలా ఖరీదు, అందుకని యాక్సిలరేటర్ మీద కాలు తీసి మెల్లగా పక్కకి ఆపెయ్యి. ఇక ఎర్రది, నూనె డబ్బా బొమ్మ గానీ టెంపరేచర్ బొమ్మ గానీ వెలిగితే ఇంటికి ఇంకో కిలోమీటరే కదా అనుకోకుండా అక్కడికక్కడే ఇంజిన్ ఆపు.

ఇప్పుడు లైట్ ఎందుకు వచ్చి పోతుందో చెప్తా, ఇది అర్థమైతే సగం పని అయినట్టే. బండిలో కంప్యూటర్ చాలా తేడాలకి ఒక్కసారి కనపడగానే లైట్ వెయ్యదు, పెండింగ్ అని లోపల రాసుకుంటుంది, తర్వాతి ట్రిప్‌లో కూడా అదే కనపడితే అప్పుడు వేస్తుంది. ఆ తర్వాత వరసగా మూడు ట్రిప్పులు తేడా లేకపోతే తనే ఆర్పేస్తుంది, కానీ కోడ్‌ని మాత్రం అప్పుడే చెరపదు, ఇంజిన్ చల్లారి మళ్ళీ వేడెక్కడం ఓ 40 సార్లు అయ్యేదాకా లోపలే ఉంచుకుంటుంది. అంటే లైట్ నీకు మంగళవారం కనపడిందంటే తేడా సోమవారమే మొదలై ఉండొచ్చు, శుక్రవారం ఆరిందంటే మధ్యలో రెండు రోజులు బండి బాగానే నడిచి ఉండొచ్చు. లైట్ వెలిగిన టైము, తేడా వచ్చిన టైము ఒకటే అనుకుంటే దారి తప్పుతావు.

మరి అసలు టైము ఎలా తెలుస్తుంది అంటే, కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాచుకుంటుంది, తేడా పట్టుకున్న క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, స్పీడ్ ఎంత, లోడ్ ఎంత అన్నీ ఫోటో తీసినట్టు అందులో ఉంటాయి. కూలెంట్ 31 డిగ్రీలు, ఆర్‌పీఎం 1100, స్పీడ్ సున్నా అని ఉందనుకో, పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషంలోనే పట్టుకుంది అన్నమాట. 93 డిగ్రీలు, 2600 ఆర్‌పీఎం, 70 స్పీడ్ అని ఉంటే రింగ్ రోడ్ మీద. కోడ్ కొట్టేస్తే ఈ ఫోటో కూడా పోతుంది, బ్యాటరీ టెర్మినల్ పీకినా చాలా బండ్లలో పోతుంది. నేను వద్దనేది అందుకే.

నీది 2015 మోడల్ కాబట్టి ఇబ్బంది లేదు, 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 (పొగ నిబంధన) కార్లకి ఓబీడీ 2, అంటే తేడాని బండే కనిపెట్టి కోడ్ రాసుకునే ఏర్పాటు, తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట 16 పిన్నుల సాకెట్ ఉంటుంది చూడు. దానికి పెట్టే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కో, మరీ చవకది వద్దు, అవి ఒకసారి కనెక్ట్ అయితే నాలుగుసార్లు అవ్వవు. చదివాక పీకేసి డాష్‌బోర్డ్ అరలో పెట్టుకో, అలాగే వదిలేస్తే బండి రోజుల తరబడి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ తాగేస్తుంది. స్టోర్డ్ కోడ్లు, పెండింగ్ కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్, మూడూ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు.

ఇంకో సంగతి, సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి చెప్తున్నా. అదే స్కానర్‌లో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని ఒక లెక్క చాలా బండ్లలో చూపిస్తుంది. నువ్వు కొని మూడు వారాలు, 700 కిలోమీటర్లు తిరిగానన్నావు, అక్కడ 730 ఉంటే అమ్మేముందు ఎవరో కొట్టేసి ఇచ్చారని అర్థం, అంటే ఈ రోగం పాతదే, బండి అమ్మినాయనకి ఫోన్ చేసి గొడవ పడకుండా "ఇంతకుముందు లైట్‌కి ఏమేం మార్పించారండీ" అని మర్యాదగా అడుగు, చెప్తే మనకి బోలెడు పని తగ్గుతుంది. అలాగే ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్‌లో పెడితే ఇంజిన్ బొమ్మ వెలగాలి. నీది వెలుగుతుందని తెలుసులే, రేపు నీ ఫ్రెండ్స్ ఎవరైనా కొనేటప్పుడు చూడమను, అసలు వెలగట్లేదంటే లైట్‌నే లేకుండా చేశారేమో అని అనుమానించాల్సిందే.

కోడ్ వచ్చాక చాలామంది చేసే తప్పు ఏంటంటే అందులో ఏ పేరు ఉంటే ఆ పార్ట్ మార్చెయ్యడం. కోడ్ చెప్పేది ఏ దారిలో తేడా ఉందో, ఆ దారిలో సెన్సార్ ఉంది, వైర్ ఉంది, వైర్లు కలిపే కప్లర్ ఉంది, ఫ్యూజ్ ఉంది, ఎర్త్ ఉంది, ఎవరు దొంగో అది చెప్పదు. ఓసారి గుడివాడ నుంచి ఒక మాస్టారు బండి తెచ్చారు, పీ 0135, ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్, అంటే సైలెన్సర్ లైన్‌లో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌ని వేడెక్కించే కరెంట్ లైన్. అప్పటికే వేరేచోట రెండు సెన్సార్లు మార్పించుకున్నారు పాపం, వారం బాగుండడం మళ్ళీ లైట్. మా షెడ్డులో గంట ఆన్‌లో పెట్టినా రాలేదు. ఎప్పుడు వస్తుంది మాస్టారూ అంటే "దుర్గమ్మ గుడికి కొండెక్కితే ఖాయంగా వస్తుందయ్యా" అన్నారు. సరే అని స్కానర్ పెట్టుకుని ఇద్దరం ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్ ఎక్కాం, రెండో గేర్‌లో గట్టిగా లాగిన మలుపు దగ్గర పెండింగ్ పడింది. ఎక్కేటప్పుడు ఇంజిన్ తన మౌంటింగ్ మీద వెనక్కి ఒరుగుతుంది కదా, కిందకొచ్చి బానెట్ ఎత్తి సెన్సార్ వైర్‌ని కొస నుంచి కొస దాకా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళా. గేర్‌బాక్స్ పక్కన బ్రాకెట్ దగ్గర క్లిప్పు విరిగిపోయి వైర్ రేకుకి ఒరుసుకుంటోంది, బియ్యపుగింజంత మేర తొడుగు పోయి లోపల రాగి తీగకి పచ్చగా చిలుము పట్టి రెండు పోగులే మిగిలాయి. ఇంజిన్ ఒరిగినప్పుడు అవి లాక్కుని కాంటాక్ట్ పోతోంది. అతుకేసి, స్లీవ్ తొడిగి, కొత్త క్లిప్పు పెట్టా, మళ్ళీ కొండెక్కాం, రాలేదు. నాకు తెలిసి తర్వాత కూడా రాలేదు. ఉండి ఉండి వచ్చే లైట్‌కి సెన్సార్ కన్నా ముందు వైరునీ కప్లర్‌నీ అనుమానించడం నాకు ఆ బండి దగ్గర్నుంచే గట్టిపడింది.

అందుకని నువ్వు చూడాల్సినవి ఇవి. బ్యాటరీ టెర్మినల్స్ చేత్తో తిప్పితే తిరక్కూడదు, తెల్లటి పొడి ఉండకూడదు. ఓల్టేజ్ ఆపి ఉన్నప్పుడు 12.5 దగ్గర, స్టార్ట్ చేశాక 14 అటూ ఇటూ ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందకి పడిపోతుంటే బ్యాటరీ అయిపోవచ్చింది, దాంతో సంబంధం లేని కోడ్లు కూడా వస్తాయి, అప్పుడు ఇంకేదీ ముట్టుకోకుండా ముందు దాని సంగతి చూడాలి. తర్వాత మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు ఉంటాయి కదా, ఇంజిన్ మీద ఎలుక పెంటికలు, పీచు, కొరికిన వైర్ ముక్కలు ఏమైనా ఉన్నాయేమో టార్చ్ వేసి చూడు. పొగాకు కట్టలు పెట్టమంటారు, వాటి మీద నాకు నమ్మకం లేదు, ఇంజిన్ వేడికి వాసన వారంలో పోతుంది. అప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒక్కో కప్లర్‌నీ, వైర్ల కట్టనీ మెల్లగా కదుపు, ఎక్కడ కదిపితే ఆర్‌పీఎం తడబడుతుందో అక్కడే ఉంది. చున్నీ తీసెయ్యి, జుట్టు ముడేసుకో, రేడియేటర్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరుగుతుంది జాగ్రత్త.

కోడ్ పీ 0301 నుంచి పీ 0304 లోపు వస్తే మిస్సింగ్, చివరి అంకె ఏ సిలిండరో చెప్తుంది. 0302 వచ్చిందనుకో, నీ బండిలో సిలిండర్‌కో కాయిల్ (ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చేది) ఉంటుంది కాబట్టి రెండో దాని కాయిల్‌ని మూడోదానితో మార్చి పెట్టమను, మళ్ళీ వచ్చేది 0303 అయితే కాయిలే పోయింది, 0302 దగ్గరే ఉండిపోతే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. రూపాయి ఖర్చు లేని టెస్ట్ ఇది. అన్నట్టు మొన్న వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ కూడా కడిగించావా? ప్రెషర్ గన్‌తో కొడితే ప్లగ్గుల గుంటల్లో నీళ్ళు నిలిచి ఇదే కోడ్ ఇస్తుంది. వాన రోజుల్లోనే వస్తుంటే కూడా అక్కడే చూడు.

పీ 0171 వస్తే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ అని. స్కానర్ లైవ్ డేటాలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడు, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి పంపుతోందో అది చెప్తుంది, ప్లస్ 10 దాటి ఉండి, నిలబెట్టి 2500 ఆర్‌పీఎం పట్టుకుంటే తగ్గుతుంటే ఎక్కడో పైపు పగిలి లెక్కలో లేని దొంగగాలి లోపలికి పోతోంది. లోడ్ మీద ఇంకా పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్ చూపించాలి. పెట్రోల్ ట్యాంక్ మూత గట్టిగా బిగించమని అమెరికా వాళ్ళ వీడియోల్లో చెప్తారు, అక్కడ ఆవిరి లీక్‌కి కూడా లైట్ వస్తుంది, మన బండ్లు చాలావాటిలో ఆ టెస్టే లేదు, దాని మీద ఆశ పెట్టుకోకు.

షెడ్డుకి వెళ్తే "సెన్సార్ మార్చండి" అని నువ్వు అనకు, ఎప్పుడెప్పుడు వస్తోందో మాత్రం చెప్పు, మార్చిన పాత పార్ట్ ఇంటికి తెచ్చుకో. డాష్‌బోర్డ్ అరలో చిన్న పుస్తకం పెట్టుకుని లైట్ వచ్చినా పోయినా తేదీ, టైము, కిలోమీటర్లు, ఏసీ ఉందా, వాన పడిందా, ట్యాంక్‌లో ఎంత ఉంది, ముందు రోజు ఎక్కడికి వెళ్ళావు రాస్తూ ఉండు, ఫ్రీజ్ ఫ్రేమ్ పక్కన పెట్టుకుని చూస్తే రెండూ కలిసే చోటు దొరుకుతుంది.

స్కానర్ శనివారంలోపు తెప్పించుకుని, ఆదివారం పొద్దున ఏడింటికి వీడియో కాల్ చెయ్యి. నేను ఫోన్ ఎత్తేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు, రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ని మొదటి సెల్ఫ్ నుంచి చూడాలి నేను.

మీ మామయ్య