బత్తాయి చిగురు పసుపు పచ్చగా వస్తుంటే

అన్నా, రెండుసార్లు డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు) వేసినా బత్తాయి చిగురు పసుపు పచ్చగానే వస్తోందన్నారు కదా, ముందు అది ఆపేయండి, భాస్వరం ఎక్కువైతే జింకు ఇంకా అందదు. లేత ఆకులు చిన్నగా, సన్నగా, గుత్తిగా వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది జింకు లోపమే. ఆకు సైజు బాగానే ఉండి ఈనెలు పచ్చటి వలలా కనిపిస్తే ఇనుము అనుకోవాలి. జింకే అయితే లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలపండి. సున్నం 2.5 గ్రాములు విడిగా నీళ్లలో కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి పోయండి. (నేనొకసారి బద్ధకించి సున్నం లేకుండానే కొడితే లేత ఆకుల అంచులన్నీ మాడిపోయాయి.) చిగురాకులు మూడొంతుల్లో రెండొంతులు విచ్చుకున్నాక, సాయంత్రం పూట, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి, ముదిరిన ఆకు పెద్దగా పీల్చుకోదు. పురుగుమందు మాత్రం ఇందులో కలపొద్దు.