కర్నెల్ మార్చాక నెట్‌వర్క్ నెమ్మదించిందా? పాత కర్నెల్‌లో కూడా ఒకసారి కొలిచి చూడండి

మహబూబ్‌నగర్‌లోని మీ కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఉబుంటు 22.04 సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌ను 5.15 నుంచి 6.8కు మార్చినప్పటి నుంచి విద్యార్థుల సిస్టమ్‌లకు ఫైళ్లు నత్తనడకన వెళ్తున్నాయని, పాత కర్నెల్‌కే తిరిగి వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లవచ్చు. 22.04తో మొదట వచ్చింది 5.15 కర్నెలే కాబట్టి దానికి 2027 వరకు భద్రతా సవరణలు అందుతాయి. అయితే వెనక్కి వెళ్లగానే వేగం కూడా తిరిగి వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి, ఎందుకంటే నా విషయంలో రాలేదు.

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో మా తమ్ముడికి ఫొటో స్టూడియో ఉంది. పెండ్లి ఆల్బమ్‌ల ఫైళ్లన్నీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటాయి, డిజైన్ చేసే రెండు సిస్టమ్‌లూ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా ద్వారా వాటిని అక్కడి నుంచే తెరుస్తాయి. మాఘమాసపు ముహూర్తాల నడుమ కర్నెల్ అప్‌గ్రేడ్ పెట్టుకోవడం నా తెలివితక్కువతనమే. మరునాటి నుంచి ఒక్కో ఫొటో తెరుచుకోవడానికి అర నిమిషం పట్టసాగింది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను, చివరికి అందరిలాగే నేనూ కొత్త కర్నెల్‌ను తిట్టుకుని, యంత్రం ఆన్ కాగానే ఏ కర్నెల్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో పాత 5.15ను ఎంచుకుని బూట్ చేశాను. అయినా వేగం అలాగే ఉంది.

అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆ రోజు మారింది కర్నెల్ ఒక్కటే కాదని. ఇన్వర్టర్ ఉండడం వల్ల కరెంటు పోయినా ఆగని ఆ యంత్రం, అప్‌గ్రేడ్ పుణ్యమా అని దాదాపు ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి రీస్టార్ట్ అయింది. ఫైలులో రాసిపెట్టకుండా, టెర్మినల్‌లో అప్పటికప్పుడు టైప్ చేసిన ప్రతి సెట్టింగూ రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది.

తర్వాత నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3తో రెండు దిశల్లోనూ విడివిడిగా కొలిచాను. డిజైన్ సిస్టమ్ నుంచి సర్వర్‌కు సెకనుకు సుమారు 940 మెగాబిట్లు వచ్చాయి, గిగాబిట్ లైన్‌లో అంతకు మించి ఆశించనక్కరలేదు. సర్వర్ నుంచి ఇటు మాత్రం ఒక సెకను పరుగెత్తి, ఆపైన కొన్ని సెకన్లు సున్నా దగ్గర నిలిచిపోయి, మళ్లీ మొదలయ్యేది. కర్నెల్ సందేశాలు తెరిస్తే, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డును నడిపే ఈ1000ఈ డ్రైవర్ పేరుతో ‘డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అన్న వరుసలు, వాటి వెంటే కార్డు రీసెట్ అయినట్లు మరో వరుస బారులు తీరి కనిపించాయి.

దీనికి కారణం టీఎస్‌ఓ అనే సదుపాయం. సాధారణంగా నెట్‌వర్క్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లకు మించదు. టీఎస్‌ఓ ఆన్‌లో ఉంటే కర్నెల్ 64 కిలోబైట్ల దాకా ఉన్న పెద్ద ముద్దను కార్డుకు ఇచ్చి, దాన్ని చిన్న ప్యాకెట్లుగా కోసే పనిని కార్డుకే వదిలేస్తుంది. ప్రాసెసర్‌కు భారం తగ్గే మాట నిజమే గానీ, ఈ డ్రైవర్‌తో నడిచే కొన్ని కార్డులు ఆ పనిలో చిక్కుకుని ఆగిపోతాయి. పని పంపేటప్పుడే కాబట్టి జబ్బు కూడా ఒక్క దిశలోనే కనబడుతుంది. నా పాత కమాండ్ల హిస్టరీలో, నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్‌లు చూసే, మార్చే ఈథ్‌టూల్ పేరుతో వెదికితే, ఎనిమిది నెలల కిందట టీఎస్‌ఓను ఆఫ్ చేసిన వరుస నేనే టైప్ చేసినది దొరికింది!

ఈసారి దాన్ని, బూట్ సమయంలో సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ చదివే లింక్ ఫైలులో, అంటే నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్‌ల ఫైలులో, శాశ్వతంగా రాశాను. అందులో ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. సరిపోలిన మొదటి లింక్ ఫైలు ఒక్కటే అమలవుతుంది కాబట్టి, పేర్లు పెట్టే నియమాన్ని, అంటే నేమ్‌పాలసీ వరుసను, డిఫాల్ట్ ఫైలు నుంచి మీ ఫైలులోకి కూడా ఎత్తి రాయకపోతే ఇంటర్‌ఫేస్ పేరే, అంటే కార్డుకు సిస్టమ్ పెట్టే పేరే, మారిపోయి సర్వర్ నెట్‌వర్క్‌కు అందకుండా పోవచ్చు.

ఇక మీ సంగతి. పాత, కొత్త కర్నెల్‌లు రెండింటిలోనూ ఒకే కేబుల్‌తో, ల్యాబ్ లోపలే, రెండు దిశల్లో కొలవండి. ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ ఇక్కడ పనికిరాదు. రెండింటిలోనూ నెమ్మదిగానే ఉంటే రీస్టార్ట్‌తో పోయిన సెట్టింగ్ కోసం వెదకండి, లింక్ 1000కి బదులు 100 మెగాబిట్లకు పడిపోయిందేమో కూడా చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని 4 జతల తీగలూ కావాలి, 100కు 2 జతలు చాలు, అందుకే సరిగా క్రింప్ చేయని కనెక్టర్ ఉంటే రీస్టార్ట్ తర్వాత లింక్ తక్కువ వేగానికి స్థిరపడవచ్చు.

కొత్త కర్నెల్‌లోనే నెమ్మదిగా ఉంటే, రెండింటిలోనూ ఏ డ్రైవర్ నడుస్తోందో ఈథ్‌టూల్‌తో పోల్చండి. రియల్‌టెక్ కార్డులకు కర్నెల్‌లో ఉండే ఆర్8169 ఒకటి, విడిగా డీకేఎంఎస్ ద్వారా (కర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ తయారుచేసే ఏర్పాటు) పెట్టుకునే ఆర్8168 ఒకటి ఉన్నాయి. రెండోది ప్రతి కొత్త కర్నెల్‌కూ మళ్లీ కంపైల్ కావాలి, అది విఫలమైతే మీకు తెలియకుండానే డ్రైవర్ మారిపోవచ్చు. అదీ కాకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ విద్యుత్ పొదుపును, అంటే ఏఎస్‌పీఎంను, గ్రబ్‌లో ఒక్క బూట్‌కు మాత్రం ఆపి చూడండి. అప్పటికీ తేలకపోతే నాలుగు కొలతలు, కార్డు, డ్రైవర్ల పేర్లు ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.