తిరిగి రాని పిల్లల గురించి మేనకోడలికి

అమ్ములూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకున్న టీనేజి పిల్లలు ఆ తరవాత ఎలా ఉంటున్నారో చూస్తానంటున్నావట. నీ పరిశోధన ప్రణాళిక, ఆ ప్రోటోకాల్ కూడా వాట్సాప్‌లో పంపింది. సంతోషం, బెంగ రెండూ కలిసి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క కేస్ షీటు తెరవకు. పన్నెండు దాటిన పిల్లల దగ్గర, అమ్మానాన్నలతో పాటు, వాళ్ల సంతకమూ తీసుకో. స్టాటిస్టీషియన్‌ని మొదటిరోజే కలువు. ఇవి నీకు తెలిసినవే.

ఏడాది ఫాలో అప్ అని రాశావు. ఏడాదేమిటే? ఏడాదికి అందరూ సన్నబడి, కొత్త బట్టలేసుకుని నవ్వుతూనే వస్తారు. ఆ పైన ఏమవుతుందో చూడాలి. రానివాళ్లని లెక్కలోంచి తీసేస్తానని కూడా రాశావు. అక్కడే నా గుండె ఆగింది.

నేను సర్జన్‌గా కుదురుకున్న కొత్తలో, మలద్వారం మూసుకుపోయి పుట్టిన పిల్లల ఆపరేషన్ల మీద ఒక పేపరు రాశాను. ఓపీకి తిరిగి వచ్చిన పిల్లల్ని లెక్కేశాను. చాలామందికి బాగుంది. రానివాళ్లు బాగుండబట్టే రాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. సభలో చదివితే చప్పట్లు కొట్టారు.

రెండేళ్ల తరవాత తెనాలి దగ్గర ఒక పల్లెకి పెళ్లికి వెళ్లాను. పిల్లలంతా బంతిలో కూర్చుంటే ఒక కుర్రాడు పందిరి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. నిక్కరు వెనక ఎత్తుగా ఉంది. లోపల పాత చీరముక్క మడిచి పెట్టారు. వాళ్లమ్మ నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. వాడికి ఆపరేషన్ చేసింది నేనే. మరి చూపించడానికి ఎందుకు రాలేదమ్మా అన్నాను. ‘‘ప్రాణం పోశారు బాబూ. మళ్లీ వచ్చి ఇది బాగాలేదంటే మీ మనసు కష్టపడుద్దేమోనని...’’ అంది.

పక్కన ఎవరూ కూర్చోవట్లేదని మూడో తరగతిలోనే బడి మానేశాడట. రోజూ ఒక వేళకి ఎనిమా ఇవ్వడం ఆ తల్లికి నేర్పి ఉంటే బట్టలు పాడవకుండా బడికి వెళ్లొచ్చేవాడు. నేర్పవలసిన మనిషిని నేనే. నా పేపర్లో వాడు లేడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు నీ పిల్లల సంగతి. అమెరికాలో ఇలాంటి పిల్లల్నే ఏళ్ల తరబడి గమనిస్తున్న టీన్-ల్యాబ్స్ అనే అధ్యయనం వాళ్లు 2019లో అయిదేళ్ల ఫలితాలు ప్రకటించారు. కడుపుకి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న టీనేజి పిల్లలు సగటున 26 శాతం బరువు తగ్గారు. టైప్ 2 షుగరు ఉన్నవాళ్లలో 86 శాతం మందికి అది వెనక్కి తగ్గింది. పెద్దవాళ్లలో 53 శాతానికే. ఈ అంకెలు అందరూ చెప్తారు. అదే పేపర్లో ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, పడిపోయిన పిల్లలు 48 శాతం, పెద్దలు 29. నువ్వు ఆ అంకె దగ్గర ఆగు, అమ్ములూ.

ఎందుకంటే మనవైపు ఆడపిల్లకి పెళ్లయితే ఊరు మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది, ఒక్కోసారి ఇంటిపేరూ మారుతుంది. ఆపరేషన్ సంగతి అత్తవారికి చెప్పని ఇళ్లున్నాయి. అడుగుతారేమోనన్న భయంతో ఆ పిల్ల ఐరన్, బి12 మాత్రలు మానేస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర గర్భం వద్దని మనం చెప్పిన మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు భయమంతా ఆ పిల్ల గురించే. నీ లెక్కలోంచి ముందు జారిపోయేది ఆవిడే.

ఫోన్‌లో ఎవరైనా వాంతులు ఆగట్లేదంటే ఫారం పక్కన పెట్టేసి వెంటనే ఆసుపత్రికి రప్పించు. ముందు బి1 విటమిన్, తరవాతే గ్లూకోజు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి నువ్వే ఫోన్ చేసి చెప్పు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. చిన్నప్పుడు నా స్టెతస్కోపు మెళ్లో వేసుకుని కుక్కపిల్ల గుండె వినేదానివి. ఇంత పని నీ చేతుల్లోకి వచ్చిందంటే నాకెంత గర్వమో మాటల్లో చెప్పలేను.

ఫారంలో ఫోన్ నంబరుకి ఒక్క గడే ఉంచావు. ఇంకోటి పెట్టు: మేనమామ నంబరు. పిల్ల ఎక్కడికి వెళ్లినా ఆయనకి తెలుస్తుంది. నా నంబరు పాతదే. రాత్రి పదింటిదాకా మెలకువగానే ఉంటాను, చెయ్యి.

మీ మామయ్య