ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముడుపోవడం లేదు, మా అమ్మాయిని మాన్పించాలా?

ప్రశ్న: మాది మంగళగిరి. మావారు మగ్గం నేస్తారు. మా అమ్మాయికి 23 ఏళ్లు, బీకామ్ పూర్తిచేసింది. మన చీరలు మనమే ఆన్‌లైన్‌లో అమ్ముకుందామని 15 వేలు కట్టి డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసింది. ఐదు నెలల్లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లకు 38 వేలు పెడితే వచ్చినవి 19 ఆర్డర్లు. అందులో 8 తిరిగొచ్చాయి. ఇప్పుడు ఎవరితోనూ సరిగా మాట్లాడదు, అన్నం దగ్గర కూర్చోదు. మావారు బ్యాంకు పరీక్షలకు చదువుకోమంటున్నారు. వయసు దాటిపోతుందేమోనని నా దిగులు. బంధువు ఒకాయన 30 వేలు కట్టి తమ ‘ఆన్‌లైన్ మార్కెటింగ్’ కంపెనీలో చేరమంటున్నారు. మాన్పించాలా, ఇంకొన్నాళ్లు చూడాలా? గత నెల యాడ్ల లెక్క, తన వెబ్‌సైటు చిరునామా జతచేశాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ దిగులు సంగతి చూద్దాం. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే క్లర్కు పరీక్ష 28 ఏళ్ల వరకు, పీవో (ఆఫీసరు) పరీక్ష 30 ఏళ్ల వరకు రాయవచ్చు. బీసీలకు మరో మూడేళ్ల సడలింపు ఉంటుంది. మూడు నెలలు ఆగినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. కాబట్టి వయసు దాటిపోతుందన్న భయంతో ఈ నిర్ణయం తీసుకోకండి.

బంధువు చెప్పిన కంపెనీ జోలికి మాత్రం వెళ్లవద్దు. చేరడానికి డబ్బు కట్టించుకుని, మరికొందరిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామనేది మార్కెటింగ్ కాదు, గొలుసుకట్టు. 1978 నుంచే దాని మీద నిషేధ చట్టం ఉంది. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా ఇలాంటి పిరమిడ్ పథకాలను నిషేధించాయి. అలాంటి చోట పట్టుదల చూపిస్తే డబ్బుతోపాటు చుట్టాలు, స్నేహితులు కూడా దూరమవుతారు.

ఇక అసలు విషయం. 19 ఆర్డర్లలో 8 తిరిగొచ్చాయని రాశారు. మిగిలిన 11 గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ముఖం తెలియని 11 మంది మీ ఇంట్లో నేసిన చీరను డబ్బు కట్టి ఉంచుకున్నారు. వాళ్లలో ఒక్కరితోనైనా మీ అమ్మాయి మాట్లాడిందా?

మీరు పంపిన లెక్క కాగితం మీద వేసి చూశాను. గత నెల 6,000 రూపాయలకు యాడ్ 40 వేల సార్లు కనిపించింది. 900 మంది దాన్ని నొక్కి వెబ్‌సైటుకు వచ్చారు. అంటే యాడ్ నూరుసార్లు కనిపిస్తే ఇద్దరికి పైగానే ఆసక్తి చూపారు. కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయికి ఇది చెప్పుకోదగ్గ ఫలితం. కానీ వచ్చిన 900 మందిలో కొన్నది నలుగురే. దుకాణం గడపదాకా జనం వస్తున్నారు, లోపల ఏదో చూసి వెనక్కి వెళ్లిపోతున్నారు. కాబట్టి తనకు మార్కెటింగ్ రాదని మీ అమ్మాయి ఏడవనక్కర్లేదు. తప్పు యాడ్‌లో లేదు.

ఎక్కడుందో చూద్దామని ఆ వెబ్‌సైటును నా ఫోన్లో తెరిచాను. ఫొటోలు రాత్రి ట్యూబులైటు కింద తీసినట్టున్నాయి. పసుపు చీర ఒక ఫొటోలో నిమ్మరంగులో, ఇంకో ఫొటోలో గంధం రంగులో ఉంది. చీర పొడవెంతో, జాకెట్టు ముక్క ఉందో లేదో ఎక్కడా రాయలేదు. 1,800 రూపాయల చీర అనుకుని ముందుకు వెళితే, చివరి మెట్టులో కొరియర్ ఖర్చు 120 బయటపడింది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించినది మరొకటి. మరమగ్గం చీరలను చేనేత పేరుతో అమ్ముతున్న ఈ రోజుల్లో, స్వయంగా మగ్గం మీద కూర్చున్న తండ్రి ఇంట్లో ఉండి కూడా ఆయన ఫొటో ఒక్కటీ అక్కడ లేదు. నిజాం అంచు నేస్తున్న ఆయన చేతులను పగటి వెలుగులో అరనిమిషం వీడియో తీసి పెడితే చాలు. అలాంటిది పెద్ద కంపెనీలు డబ్బు పోసినా తెచ్చుకోలేవు.

మీ ఇంట్లో పడుగు పోగు తెగితే మీవారు ఏం చేస్తారు? మగ్గం ఆపి, తెగిన పోగు ఏదో వెతికి పట్టుకుని, అతికి, మళ్లీ నేస్తారు. చూడకుండా నేసుకుంటూ పోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. మీ అమ్మాయి ఐదు నెలలుగా పోగు చూడకుండా నేస్తోంది. అమ్మకాలు రాకపోతే యాడ్ మార్చింది, మర్నాడు మళ్లీ మార్చింది. యాడ్‌ను ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్‌కు తెలిసి అది కుదురుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు (ఇక్కడైతే ఆర్డర్లు) కావాలని దాని యజమాని మెటా సంస్థే చెబుతుంది. నెలకు నాలుగు ఆర్డర్లతో అది ఎన్నటికీ కుదరదు, పైగా పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. అందుకే కొన్నాళ్లు అమ్మకం కోసం కాకుండా వాట్సాప్ మెసేజ్‌ల కోసం యాడ్ పెట్టమనండి. తక్కువ ఖర్చులో ఎక్కువమందితో మాట్లాడవచ్చు. ఎందుకు కొనడం లేదో వాళ్ల నోటితోనే వినవచ్చు.

తిరిగొచ్చిన ఎనిమిదీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లే అయి ఉంటాయని నా అనుమానం. పార్శిల్ కట్టే ముందు ఒక ఫోను చేసి, రంగు చెప్పి, చిరునామా సరిచూసుకుంటే వీటిలో కొన్ని తప్పుతాయి.

ఇంకో లెక్క కూడా తనతో వేయించండి. ఒక మనిషి వెబ్‌సైటుకు రావడానికి దాదాపు 7 రూపాయలవుతోంది. చీరకు 350 మిగులుతుందనుకుంటే, నూటికి ఇద్దరు కొన్నా ఆ మిగులంతా యాడ్‌కే సరిపోతుంది. కాబట్టి యాడ్లను మాత్రమే నమ్ముకుని ఈ వ్యాపారం నడవదు. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనాలి, వాళ్ల చెల్లెలికీ తోడికోడలికీ చెప్పాలి. ఆ 11 మంది విలువ అక్కడే ఉంది. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కొన్న రంగు ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లు ఉన్నవాళ్లు సైతం రాత్రికి రాత్రే అన్నీ పోగొట్టుకున్నారు. నోట్‌బుక్‌లో ఉన్న నంబర్లను మాత్రం ఎవరూ తీసేయలేరు.

నా సలహా ఇది. మూడు నెలలు, నెలకు 3,000, మొత్తం 9,000. అప్పు చేయవద్దు, బంగారం తాకట్టు పెట్టవద్దు. మొదటి నెల ఫొటోలు, వివరాలు, ధర. రెండో నెల ఆ 11 మంది, వాట్సాప్. మూడో నెల యాడ్. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మరో కోర్సుకు డబ్బు కట్టవద్దు, గూగుల్ వాళ్ల శిక్షణ వెబ్‌సైటు స్కిల్‌షాప్‌లో ఉచితంగానే నేర్చుకోవచ్చు. మూడు నెలల తర్వాత కూడా నూటికి ఇద్దరు కొనకపోతే, పాతవాళ్లలో ఒక్కరూ తిరిగి రాకపోతే, యాడ్లు ఆపేయాలి. ఈ మాట ఇప్పుడే ముగ్గురూ కూర్చుని అనుకోండి. అప్పుడు ఆపడం ఓడిపోవడంగా అనిపించదు. అలా ఆపినా చేతిలో ఎనిమిది నెలల లెక్కలు ఉంటాయి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగానికి వెళితే సర్టిఫికెట్ కన్నా ఆ లెక్కలకే ఎక్కువ విలువ. ఎక్కడ పోయిందో, ఏం మార్చానో చెప్పగలిగిన మనిషి వాళ్లకు కావాలి.

మీవారికి ఒక మాట. ‘నేను ముందే చెప్పాను’ అని దయచేసి అనకండి. ఒక ఆదివారం పొద్దున ఫొటోలు తీసేటప్పుడు చీరలు విప్పి పట్టుకోండి చాలు. తను అన్నం దగ్గరకు రాకపోతే మీరు పళ్లెం పట్టుకుని తన దగ్గరకు వెళ్లండి. రెండు వారాలైనా ఇలాగే ముభావంగా ఉంటే, నిద్ర కూడా పట్టకపోతే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

మొదటి ఫోను రేపే చేయించండి. ‘చీర ఎలా ఉందండీ, ఉతికాక రంగు నిలిచిందా’ అని అడిగితే చాలు, ఏమీ అమ్మనక్కర్లేదు. ఆ 11 మందీ ఏమన్నారో నాకు రాయండి.